చిన్న సమాజములు నిలుచుట యెట్లు?

మన యూళ్లలో స్త్రీ సమాజములు పుట్టుటకు కొఱత లేదు. శ్రావణమాసమున పేరంటమునకు కూడిన నలుగురు, బాలికలకు చదువో కుట్టుపనియో నేర్పుదమని సంకల్పించి, సమాజమున కొక పేరు పెట్టి, అధ్యక్షురాలిని, కార్యదర్శినిని ఎన్నుకొందురు. సంక్రాంతి వఱకు ఉత్సాహ ముండును. ఉగాది నాటికి చందాలు తగ్గును. మఱుసటి శ్రావణము వచ్చుసరికి తలుపునకు తాళము పడును. సంకల్పము మంచిది; సంకల్పించినవారు మంచివారు; పని యవసరమైనది. అట్లయ్యు నది యేల నిలువలేదు? ఈ ప్రశ్నకు సమాధానము తఱచుగా మన శ్రద్ధాభక్తులలో లేదు, చిట్టాపుస్తకములో నున్నది.

ఈ చిట్టావిద్య స్త్రీలకు క్రొత్తది కాదు. బియ్యపు డబ్బా అడుగు కనబడకముందే బియ్యము తెప్పించుట, పండుగ ఖర్చును నెలజీతములో కలుపకుండుట, పుట్టింటివారిచ్చిన సొమ్మును కూరగాయలకు వ్యయపెట్టకుండుట మనకు తల్లులు నేర్పిన పాఠములే. ఇంటిలో నింత జాగరూకతతో మెలగు మనము, సమాజము దగ్గఱకు వచ్చుసరికి దేవునిపై భారముంచి యూరకుందుము. అక్కడనే చిక్కు వచ్చుచున్నది.

మేము నివసించునది వాడరేవు. చీరాలకు సముద్రపు దిక్కున నున్న పల్లె. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ప్రకాశము జిల్లాలో చేరినది. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. ఇచ్చట పురుషులు వేటకు పోవుదురు. స్త్రీలు తెల్లవాఱకమునుపే గంపలతో చేపల నమ్మబోవుదురు. ఇంటిలో మిగిలినది పదియేండ్ల పిల్ల. తమ్ముని నెత్తుకొని, పొయ్యి చూచుకొని, బడికి పోవుట మానుకొను నట్టి పిల్లలకు సాయంకాలపు పాఠశాల యొకటి యున్నచో అక్షరము చేజాఱకుండును. అది రెండు మాసములు మూతపడెనా, ఆ పిల్ల మఱల రాదు. మఱుసటి సంవత్సరము ఆమె పెండ్లిమాటలు వినబడును. కాబట్టి చిన్న సమాజము మూతపడుట యనగా ఒక గది తలుపు మూయుట మాత్రము కాదు. ఇట్టి పాఠశాల వంటి పనిని మనస్సున నుంచుకొనియే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

త్యాగము వేఱు, నెలగడుపు వేఱు

మా ప్రాంతమునకు త్యాగమన నేమో ఒకరు చెప్పనక్కఱలేదు. చీరాల పేరాలలకు పురపాలక సంఘము నేర్పరచి ప్రభుత్వము పన్నులు పెంచగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై ప్రజలు తమ యిండ్లువాకిళ్లు విడిచి, ఊరిబయట రామనగరమను పేర పాకలు వేసికొని కాపురముండిరి. ఎండకు వానకు ఓర్చి యించుమించు పదునొకండు మాసము లట్లు గడపిరి. రామదండు భటులు వారికి సేవచేసిరి. గోపాలకృష్ణయ్యగారు బరంపురమున నిర్బంధింపబడి యొక సంవత్సరము చెఱసాలకు పోయిన పిమ్మట, నడిపించువారు లేకయు నిధులు చాలకయు, ప్రజలు తుదకు తమ యిండ్లకు మఱలిరి.

ఆ మహాకార్యమును తక్కువచేసి చెప్పుటకు మాకు నోరు రాదు. కాని యది గృహిణులకొక సత్యమును చెప్పుచున్నది. మనుజుడు ఒక దినము ప్రాణమైన నీయగలడు. ప్రతిదినము కూలి పోగొట్టుకొనలేడు. ఎంతటి యావేశమునకైనను వెనుక నెలనెల వచ్చు ధాన్యపుబస్తా యుండవలెను. ముందున్న యొక్కరు తప్పుకొన్నను నడుపగల రెండవవా రుండవలెను.

దీనికి ప్రక్కనే మఱియొక యుదాహరణము కలదు. చీరాలకు సమీపమున వేటపాలెములో 1918లో కొందఱు యువకులు హిందూ యువజన సంఘమను పేర నొక చిన్న పఠనమందిరమును ప్రారంభించిరి. వి. వి. శ్రేష్ఠిగారు దానికి ప్రాణము పోసిరి. అదియే సారస్వత నికేతనము. 1929లో మహాత్మాగాంధి వచ్చి దాని నూతన భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఆ రాకలో విఱిగిన వారి చేతికఱ్ఱ నేటికిని అచ్చట భద్రముగా నున్నది. నూఱేండ్లు దాటినను ఆ గ్రంథాలయము సజీవముగనే యున్నది. పాత పత్రికలు, గ్రంథములు, పంచాంగములు వెదకికొనుచు దూరప్రాంతముల నుండి పరిశోధకులు వత్తురు. తమ జన్మదినము తెలిసికొన గోరు సామాన్యులును వత్తురు.

ఆ గ్రంథాలయము మహాత్ముని చేతికఱ్ఱ వలన నిలువలేదు. చేతికఱ్ఱ గౌరవము తెచ్చును, చెదపురుగును తోలదు. దినదినము తలుపు తీసి, దుమ్ము దులిపి, వచ్చినవారు కోరిన పుస్తకమును చేతికందించు నొక మనుజుడు కావలెను. ఆ మనుజుని యింట పొయ్యి వెలుగవలెను. చిన్న సమాజముల చిక్కంతయు ఈ పొయ్యి దగ్గఱ నున్నది.

కౌత్సుని పాఠము

కాళిదాసు రఘువంశమున కౌత్సుని కథ సోదరీమణులలో పెక్కుమంది యెఱిగినదే. గురుదక్షిణకై పదునాలుగు కోట్లు యాచింపవచ్చిన కౌత్సునకు రఘుమహారాజు మట్టిపాత్రతో నర్ఘ్యమిచ్చెను. అప్పుడే విశ్వజిద్యాగము చేసి సర్వస్వమును దానము చేసి యుండెను. లోకమునకెల్ల దాతయైన రాజు సహితము మనము పోయిన దినమున రిక్తహస్తుడై యుండవచ్చును. కాబట్టి యొక్క దాతను నమ్ముకొని సమాజమును నడపరాదు. రఘువు కొఱకు కుబేరుడు బంగారము కురిపించెను. మన కొఱకు కురిపింపడు.

ఈ కథలో రెండవ పాఠము మఱింత విలువైనది. రాజు ఆ బంగారమంతయు నిచ్చెదననగా, కౌత్సుడు గురువున కీయవలసిన దానికంటె నొక కాసైన నెక్కువ గొనలేదు. దేనికని యడిగితిమో దానికే తీసికొనవలెను, దానికే వ్యయపెట్టవలెను. పుస్తకములకని యిచ్చిన సొమ్ముతో కుర్చీలు కొన్నచో, కుర్చీ లెంత యవసరమైనను, ఆ దాత మఱల మన గుమ్మ మెక్కడు.

నెలలెక్క

ఇక లెక్కకు వత్తము. ఉదాహరణమునకు 20 మంది బాలికలకు సాయంకాలపు పాఠశాల నడపుచున్నా మనుకొందము. ఉపాధ్యాయురాలికి నెలకు 4,000 రూపాయలు. గది యద్దె 1,200. పుస్తకములు, పలకలు 500. దీపములకు విద్యుత్తు 300. వెరసి 6,000 రూపాయలు.

ఇందు మొదటి పద్దును గమనింపుడు. తఱచు సమాజములవారు దానిని వ్రాయనే వ్రాయరు. “మన సీతమ్మ యూరకయే చెప్పును గదా” యందురు. సీతమ్మ యొక యేడు చెప్పును. రెండవ యేట అత్తగారికి జబ్బు చేయును, లేదా ఆమెకే ప్రసవ మగును. సీతమ్మ మానినదినము పాఠశాల మానును. స్త్రీల శ్రమకు వెలలేదని లోకమను మాటను మన చిట్టాలోనికి కూడ మనమే తెచ్చుట న్యాయము కాదు. భవనము కట్టుటకు ముందు, బోర్డు వ్రాయించుటకు ముందు, ఉపాధ్యాయురాలి జీతమును స్థిరపఱుపవలెను. ఆమె దానిని తీసికొననన్నచో చందాగా జమకట్టి రసీదు వ్రాయుడు. అప్పుడు పాఠశాల నిజవ్యయ మెంతయో అందఱకును తెలియును.

ఇక రాబడి. నెలకు 50 రూపాయల చొప్పున 80 ఇండ్లవా రిచ్చినచో 4,000 వచ్చును. ఉపాధ్యాయురాలి జీతము దానితో తీఱును. బాలికల తల్లిదండ్రులు నెలకు 20 చొప్పున ఇచ్చినచో 400. కుట్టుపని వలన 1,000. మొత్తము 5,400. నెలకు 600, ఏటికి 7,200 లోటు. నూటికి ఆఱు వంతున వడ్డీ వచ్చినచో, 1,20,000 రూపాయలు బ్యాంకులో స్థిరనిక్షేపముగా నుంచిన ఈ లోటు పూడును. ఇట్టి మూలధనమునకే పెద్ద దాతల నాశ్రయింపవలెను. నెలవ్యయము నెలచందాలో జరుగవలెను. పెద్ద దానము మూలధనములో చేరవలెను. ఈ రెండు గంగాళములను కలుపకుండుటయే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము.

మూడవ గంగాళ మొకటి కలదు. ఆఱు మాసముల వ్యయము, అనగా పై లెక్కలో 36,000 రూపాయలు, ఆపద్ధనముగా వేఱుగా నుండవలెను. అది యొక్క దినమున కూడదు. నాలుగైదేండ్లలో కొంచెము కొంచెముగా కూర్చుకొనవలెను. వాడుకొన్నచో మఱల పూడ్చువఱకు క్రొత్తపనులు మొదలుపెట్టరాదు. అరణ్యపర్వములోని యక్షయపాత్రకే నియమము కలదు: ద్రౌపది భుజించిన పిమ్మట ఆ దినమున కది మఱల నన్న మీయదు. అట్టి పాత్రకే హద్దున్నప్పుడు మన యినుపపెట్టెకు హద్దు వలదా?

ఋతువు నెఱిగి యడుగుట

చందా వసూలులో పట్టణపు నియమము పల్లెకు పొసగదు. ఉద్యోగస్థులయింట ఒకటవ తేదీన జీతము వచ్చును. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలతో వేట నిషిద్ధము. ఆ దినములలో మత్స్యకారునియింట చందా యడుగుట ధర్మము గాదు. వానకాలమున గుంట మగ్గములలోనికి నీరూరినచో చీరాల ప్రాంతపు నేతవారికి పని నిలుచును. మెట్టసీమలో ప్రత్తి తీసినపుడు, మిరప కల్లములలో నెండి గుంటూరు యార్డు చేరినపుడు రైతుచేతికి కాసు వచ్చును.

కాబట్టి రైతునొద్ద పంటమీద నొకసారి సంవత్సరపు చందాయంతయు గ్రహింపవచ్చును. నేతవారినొద్ద పండుగల ముందు, మత్స్యకారునియొద్ద వేటదినములలో వారమువారము, జీతగానియొద్ద నెలనెల అడుగవలెను. 80 ఇండ్లలో 20 ఇండ్లవారు నిషేధపు రెండు మాసములు చందా యీయనిచో 2,000 రూపాయలు తఱుగును. ఈ తఱుగు ముందుగనే తెలిసినది. కావున దానిని చైత్రములోనే లెక్కలో వ్రాసికొన్నచో జ్యేష్ఠములో గుండె ఝల్లుమనదు. కాసు లేనివారు కొబ్బరిచీపురు లిత్తురు, గది యలుకుదురు, ఒకపూట పిల్లలను కాతురు. అదియు చందాయే, దానిని కూడ పుస్తకమున వ్రాయవలెను.

పుచ్చుకొనువారే ఇచ్చువారు

పేదలవద్ద నాలుగు కాసులు గ్రహించుట పాపమని కొందఱందురు. మాకట్లు తోపదు. 1921లో మహాత్ముడు కాకినాడకు వచ్చినపుడు, పండ్రెండేండ్లయైన నిండని దుర్గాబాయి, దేవదాసీలును, ఘోషాలోనుండు ముస్లిము స్త్రీలును ఆయన మాటలు వినవలెనని కోరెను. ఐదువేల రూపాయల నిధి కూర్చినచో నేర్పాటు చేసెదమని అచ్చటి పెద్దలనిరి. ఆ సొమ్మును ఆ స్త్రీలే కూర్చిరి. లోకము దయదలచవలసినవారని యెవరిని గుఱించి యనుకొనెనో వారే దాత్రులైరి. ఆ బాలికయే 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో నాగిపోయిన స్త్రీలను మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపఱచి, పిమ్మట వైద్యాలయములు, విద్యాలయముల వఱకు నా సభను పెంచెను.

ఇట్టిదే యింకొకటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. తరువాత నా జిల్లాలోనే పొదుపులక్ష్మి యను పేర దినమున కొక రూపాయి చొప్పున దాచుకొను సంఘములు వెలసినవి. ఒక్క రూపాయి యల్పమే. కాని తన రూపాయి యున్న సంఘమునకు స్త్రీ పిలువకయే వచ్చును, లెక్క యడుగును, తప్పు కనబడిన నిలదీయును. ఊరక వచ్చిన దానిని గుఱించి యెవరును లెక్క యడుగరు. మా లెక్కలోని 20 రూపాయల రుసుము రాబడి కొఱకు కాదు; ఆ తల్లికి సభలో మాటాడు హక్కు కలుగుట కొఱకు. ఈయలేనివారికి మినహాయింపు గుట్టుగా నీయవలెను, పదుగురిలో చాటరాదు.

వఱదవంటి ధనము

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చి మన తీరపు పల్లెలను తాకినప్పుడు నలుదిక్కుల నుండి సాయము వచ్చినది. అట్టి సాయము లేనిచో నెందఱికో బ్రతుకు లేదు. కాని యాపదలో వచ్చు ధనము ఆపదతోడనే పోవును. అది దాని ధర్మము. దానితో మూడేండ్ల జీతములు పెట్టుకొన్న సమాజమునకు నాల్గవయేట దిక్కుండదు. అట్టి ధనముతో వస్తువులు కొనవచ్చును. కుట్టుయంత్రములు, బీరువాలు, పైకప్పు వేయవచ్చును. నిత్యవ్యయమును దానికి కట్టరాదు.

ప్రభుత్వపు సాయధనమును గుఱించియు నిట్లే యనుకొనవలెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి మొదటి యధ్యక్షురాలైన పిమ్మట, స్వచ్ఛంద సమాజములకు గ్రాంటులు దొరకెను. దేశమంతట నెన్నో స్త్రీ సమాజములు వాని వలన బాగుపడెను. అయినను గ్రాంటు తఱచు పని జరిగిన పిమ్మట వచ్చును. జీతమో పని జరుగుచుండగనే యీయవలెను. నడుమ గడువునకు మన యాపద్ధనమే శరణ్యము.

చట్టము, లెక్క, తాళపుచెవి

ఆంధ్రప్రదేశమున 2001 నాటి సొసైటీల చట్టము ననుసరించి ఏడుగురు కూడినచో సమాజమును నమోదు చేయింపవచ్చును. నమోదైన సమాజము ఆదాయపు పన్ను శాఖవారి యనుమతి పొందినచో, దానమిచ్చినవారికి పన్నులో కొంత మినహాయింపు దొరకును; కాని 2,000 రూపాయలకు మించి నగదుగా నిచ్చిన దానికి దొరకదు. పెద్దమొత్తములను బ్యాంకుద్వారమున గ్రహించుట అన్ని విధముల మేలు.

మన జిల్లాలలో అమెరికాలో బిడ్డలు లేని వీధి లేదు. “మా చిన్నవాడు డాలర్లు పంపును, తీసికొనుడు” అని యే యత్తగారో చెప్పగనే సంతోషింపక, ఒక విషయ మరయవలెను. ఆ బిడ్డ భారతపౌరుడుగనే యుండి తన స్వార్జితమును బ్యాంకుద్వారా పంపినచో చిక్కు లేదు. అచ్చటి పౌరసత్వము స్వీకరించినచో నది విదేశవిరాళమగును. 2010 నాటి చట్టము ప్రకారము కేంద్రప్రభుత్వము నొద్ద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేక దానిని ముట్టరాదు. 2020లో సవరణ వచ్చిన పిమ్మట ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలో తెఱచిన ఖాతాకే రావలెను. చిన్న సమాజమున కిది భారము. అట్టివారి తల్లిదండ్రులే యిచ్చట తమ సొంతసొమ్ములో నుండి యిచ్చుట సుకరము.

లెక్కలను నెలకొకసారి సభలో చదివి వినిపింపవలెను. అక్షరము రాని సభ్యురాలికిని బోధపడునట్లు చదువవలెను: ఇంత వచ్చినది, ఇంత పోయినది, ఇంత యున్నది. బ్యాంకు ఖాతాపై ఇద్దఱి సంతకము లుండవలెను; ఆ యిద్దఱు నొకే యింటివారు కారాదు. నగదు పెట్టె యొకరియొద్దను, దాని తాళపుచెవి వేఱొకరియొద్దను నుండవలెను. ఇది యపనమ్మకము కాదు. కార్యదర్శిని మీద రేపు నీలాపనింద రాకుండ కాపాడు కవచము. ఊళ్లలో స్త్రీ సమాజములు ధనము లేక చెడినదానికంటె, “ఆ డబ్బేమయ్యెనో” యను గుసగుస వలన చెడినదే యెక్కువ యని మాకు తోచుచున్నది.

పచ్చళ్లు, కారములు చేసి యమ్మి నిధి కూర్చుదమను కోరిక మన ప్రాంతమున సహజము. చేయవచ్చును, కాని తినుబండారముల నమ్ముటకు ఆహారభద్రతా శాఖవారినొద్ద నమోదు కావలెను. కారము లెక్క వేఱుగా నుంచి, మిరపకాయలు, నూనె, సీసాలతోబాటు చేసినవారి కూలిని కూడ వ్రాసి, అప్పుడు మిగిలినదానినే లాభ మనవలెను. కారము దంచుటకే ప్రొద్దు చాలక పాఠములు మానినచో, సమాజము దుకాణమైనదని తెలిసికొనవలెను.

తుదిమాట వారసత్వమును గుఱించి. వీరేశలింగముగారు 1906లో రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి. 1919లో వారు గతించిరి, సమాజము గతింపలేదు. తమ సొమ్మును తమ పేరనుంచక, నియమములు గల యొక సంస్థ చేతిలో పెట్టుట యం దాయన దూరదృష్టి కనబడుచున్నది. మనకు ఆస్తులు లేకపోవచ్చును. అయినను కార్యదర్శినిని రెండు మూడేండ్ల కొకసారి మార్చుట, క్రొత్తయామెను ఒక యేడు ముందుగనే ప్రక్కన కూర్చుండబెట్టుకొని చిట్టా వ్రాయించుట మన చేతిలోని పని. మన చేతిలో చదివిన బాలికయే యొకనాడు ఆ పుస్తకము పట్టుకొన్నచో సమాజమునకు వేఱు పట్టినదని యెంచవచ్చును.

సోదరీమణులారా! క్రొత్తగా సమాజము పెట్టదలచినవారు ముందు పేరు వెదకవలదు. ఒక కాగితముపై నెలవ్యయము వ్రాయుడు; దాని కెదుట నిత్తుమని నోటితో కాక చేతితో నిచ్చిన యిండ్లను వ్రాయుడు. రెండును సరిపడినంత పనినే మొదలుపెట్టుడు. ఇరువదిమందికి చాలనిచో పదిమందికే చెప్పుడు. పదిమందికి పదియేండ్లు చెప్పిన పాఠశాల, నూఱుగురికి ఆఱుమాసములు చెప్పిన దానికంటె మేలు. ఇప్పటికే నడపుచున్నవారు ఈ మాసాంతమున నొక్కసారి మూడు గంగాళములను వేఱుచేసి చూడుడు. ఎందులో నెంత యున్నదో తెలిసినపిమ్మట భయ మడగును, చేయవలసిన పని కనబడును.